గట్టు మీద అమ్మ, నీళ్లలో బిడ్డ



కళ్యాణదుర్గం నుంచి వచ్చి చంటిబిడ్డల ఈత గురించి మాట్లాడతానంటే, ఈమెకు వేరే విషయం దొరకలేదా అనుకోవచ్చు మీరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అనుకునే జిల్లా మనది. తాగే నీళ్లకే బిందెలు వరసలో పెట్టుకున్న ఊళ్లు మనవి. అయినా ఈ మాట మన దగ్గరే ముందు చెప్పుకోవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. నీళ్ల పక్కన పుట్టిన బిడ్డకు నీళ్ల గుణం చూస్తూ చూస్తూనే తెలుస్తుంది. కరువు నేల మీద పుట్టిన బిడ్డకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

ఒకప్పుడు మన పల్లెల్లోనూ ఈత ఉండేది. కపిల బావులు గుర్తున్న పెద్దవాళ్లు ఇప్పుడు ఈ ప్రసంగం వింటూనే ఉంటారు. నాలుగు పక్కలా రాతికట్టు, ఒక పక్క మెట్లు, పైన ఎద్దులు వెనక్కీ ముందుకీ నడిచే బాట. వేసవిలో చేలల్లో పని తగ్గేది. మగపిల్లలంతా మధ్యాహ్నానికి బావి దగ్గర చేరేవాళ్లు. మామ వరసైన వాడో, చిన్నాయనో, ఊళ్లో ఈతగాడనిపించుకున్న వాడో బిడ్డ నడుముకు తాడు కట్టి, వీపుకు ఎండిన సొరబుర్రో బెండ్ల కట్టో బిగించి నీళ్లలోకి దించేవాడు. తాను కింది మెట్టు మీద నిలబడి తాడు కొస పట్టుకునేవాడు. రోజులు గడిచే కొద్దీ ఒక్కో బెండు తీసేసేవాడు. చివరికి తాడొక్కటే మిగిలేది. ఆ తర్వాత అదీ ఉండేది కాదు.

అప్పుడు నాయన ఎక్కడుండేవాడు? గట్టు మీద. మా ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట అనేవాళ్లు, కన్నవాళ్లు నీళ్లలోకి దిగితే బిడ్డ వాళ్ల మెడ వదలడు, ఈత రాదు అని. తండ్రికి ఈత వచ్చినా సరే, నేర్పే పని ఇంకొకరికి ఒప్పజెప్పి తాను పైన నిలబడి చూసేవాడు. ఆ రోజుల్లో ఏ పుస్తకమూ చదవకుండానే మన వాళ్లు పట్టుకున్న సంగతి ఇది. కాకపోతే ఆ బావిలోకి దిగింది ఏడెనిమిదేళ్లు నిండిన మగపిల్లలే. ఆడపిల్లలను ఎవరూ దించలేదు. నాకూ ఈత రాదు. నా ఈడు ఆడవాళ్లలో వచ్చినవాళ్లను మా పక్క నేను చూడలేదు.

తర్వాత బోర్లు వచ్చాయి. రెండు వందల అడుగులు, నాలుగు వందలు, ఆరు వందలు అంటూ నీళ్లు కిందికి పోతూ ఉంటే పైనున్న బావులు ఒక్కొక్కటే ఎండిపోయాయి. కొన్నింటిని పూడ్చేశారు. కొన్నింట్లో కంపచెట్లు మొలిచాయి. బావితో పాటే ఈత కూడా పోయింది. ఇప్పుడు ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో ఉన్న అమ్మానాన్నల్లో చాలామందికి ఈత రాదు, మోకాటి లోతు దాటి నీళ్లలో నిలబడిన అనుభవమూ లేదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఈత తెలియని ఈ తరం చేతికే నీళ్లు మళ్లీ వచ్చాయి. 2012లో మల్యాల దగ్గర శ్రీశైలం వెనకనీళ్లను హంద్రీ-నీవా కాలువలోకి ఎత్తిపోయడం మొదలైంది. మనకు దగ్గరే, బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయంలో కృష్ణా నీళ్లు నిలుస్తున్నాయి. మన జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పథకం కింద చేలల్లో తవ్విన నీటి కుంటలు ఊరూరా ఉన్నాయి. దానిమ్మ, చీనీ తోటలు వేసిన రైతులు పెద్ద కుంటలు తవ్వి అడుగున ప్లాస్టిక్ పట్ట పరిచారు. ఇళ్లల్లో సంపులు కట్టుకున్నాం. ఈ నీళ్ల కోసం ఈ సీమ ఎన్నేళ్లు ఎదురు చూసిందో నాకు తెలుసు. అవి వచ్చినందుకు నాకు సంతోషమే. కానీ వినాయక నిమజ్జనం నాడూ, సెలవు రోజుల్లోనూ కుంటలో బిడ్డలు మునిగిపోయారన్న వార్త వినని ఏడు లేదు. విన్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మా అమ్మాయి బెంగళూరులో ఉంటుంది. మన కళ్యాణదుర్గం నుంచి, కుందుర్పి నుంచి, శెట్టూరు నుంచి బెంగళూరుకు వెళ్లి బతికేవాళ్లు ఎందరో. అక్కడ మా మనవరాలిని ఈతకు పెట్టారు. మొదట తల్లీబిడ్డలు కలిసి దిగే తరగతి. బిడ్డకు మూడేళ్లు నిండగానే తల్లి బయట కూర్చోవాలి, బిడ్డ ఒక్కతే దిగాలి అన్నారు. ఆ మొదటి రోజు నేను అక్కడే ఉన్నాను. చూసింది చూసినట్టు చెబుతాను. మీ బిడ్డలనో, మీ మనవళ్లనో ఎక్కడైనా ఈతకు పంపేటప్పుడు పనికొస్తుంది.

కొలను లోతు పెద్దవాళ్లకు నడుము దాకానే. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. అంత చిన్న ఒంటికి చన్నీళ్లు తగిలితే వణుకు తప్ప ఇంకేమీ గుర్తుండదట. నలుగురు బిడ్డలు, ఒక నేర్పే అమ్మాయి. ఆ అమ్మాయిని బిడ్డలంతా అక్కా అని పిలుస్తున్నారు. మా బిడ్డ గట్టు మీద కూర్చుని తల్లి వైపు తిరిగి ఏడుపు అందుకుంది. అక్క ఆమెను లాగలేదు, బుజ్జగిస్తూ ఎత్తుకోనూ లేదు. చిన్న మగ్గుతో నీళ్లు తీసుకుని తన భుజం మీద పోసుకుంది. తర్వాత మగ్గు బిడ్డ చేతికిచ్చి, నా భుజం మీద పొయ్యి అంది. బిడ్డ పోసింది. ఇప్పుడు నీ కాళ్ల మీద పోసుకో అంది. పోసుకుంది. ఆ రోజు పాఠంలో సగం ఆ మగ్గుతోనే గడిచిపోయింది. కొలను చుట్టూ కూర్చున్న మిగతా తల్లుల్లో ఒకామె, ఇంత డబ్బు కట్టింది చెంబు ఆటకా అని గొణిగింది. నేను మాత్రం ఆ అక్కకు మనసులో దండం పెట్టుకున్నాను. ఎందుకంటే బిడ్డ ఏడుపు ఆగింది, ఆపింది తల్లి కాదు, నీళ్లే.

ఆ తర్వాత తరగతుల్లో నేర్పింది కూడా చేతులు కాళ్లు ఆడించడం కాదు. మొదట మూతి నీళ్లలో పెట్టి బుడగలు ఊదడం. ఊదే బిడ్డ నీళ్లు మింగదు. తర్వాత గోడ అంచు రెండు చేతులతో పట్టుకుని బల్లిలా పక్కకు పక్కకు జరగడం. తర్వాత మోచేతులు, పొట్ట, మోకాలు వరసగా గట్టు మీద ఆనించి తనంతట తాను బయటికి ఎక్కడం. దీన్ని ఎన్నిసార్లు చేయించిందో లెక్కే లేదు. నీళ్లలో పడ్డ బిడ్డ వెనక్కి తిరిగి దగ్గరున్న అంచు పట్టుకోవాలి, పైకి రావాలి. మూడేళ్ల బిడ్డకు ఈత అంటే ముందుగా ఇదే. ఆ తర్వాత వెల్లకిలా తేలడం. తల అక్క భుజం మీద, చెవులు నీళ్లలో, కళ్లు పైకప్పు వైపు. చెవుల్లోకి నీళ్లు పోతే బిడ్డలు బెదురుతారు. అక్క ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉంటే, ఆ గొంతు నీళ్లలోంచి ఎలా వినపడుతుందో వినడానికే మా బిడ్డ మెదలకుండా పడుకుంది.

తల్లి బయట ఎందుకుండాలి అని నేనే ఆ అమ్మాయిని అడిగాను. మూడేళ్ల బిడ్డ నీళ్లను చూడదు, తల్లి ముఖం చూస్తుంది, ఆ ముఖంలో భయముంటే నీళ్లలో భయముందని తెలుసుకుంటుంది అంది. ఈత రాని తల్లి ఒంట్లో బిగువు చేతుల గుండా బిడ్డకు పాకుతుంది అంది. మన బావి గట్టు మీది నాయన కథ నాకు అప్పుడు గుర్తొచ్చింది.

అయితే బయట ఉండటం అంటే మాయం కావడం కాదు. కొందరు తల్లులు బిడ్డ అటు తిరగగానే నక్కి నక్కి బయటికి వెళ్లిపోతారు, చూస్తే ఏడుస్తుందని. అలా చేయొద్దు. వెనక్కి తిరిగి చూసి అమ్మ లేదని తెలిసిన బిడ్డ ఇంకోసారి కొలను మెట్టు కూడా దిగదు. నేను ఇక్కడ ఈ కుర్చీలో కూర్చుంటాను, పాఠం అయ్యాక తువ్వాలు పట్టుకుని వస్తాను అని చెప్పి, చెప్పిన కుర్చీలోనే కూర్చోవాలి. బిడ్డ చూసినప్పుడు నవ్వితే చాలు. కాళ్లు ఆడించు, తల ముంచు అని గట్టు మీంచి అరవకూడదు. ఇద్దరు నేర్పితే బిడ్డ ఎవరి మాట వినాలి? చేతిలో ఫోను కూడా వద్దు. అక్క నలుగురిని చూస్తుంది, మీరు ఒక్కరిని చూడాలి. తరగతిలో చేర్చే ముందు నేర్పే ఒక్కరికి ఎందరు బిడ్డలు అని అడగండి. ఈ వయసులో నలుగురికి మించితే నేనైతే పంపను.

అంత చిన్నప్పుడే ఈత ఎందుకు అనే మాట అక్కడా వినపడింది, ఇక్కడా వినపడుతుంది. డాక్టర్లకు కూడా ఈ విషయంలో మొదట్లో అదే అభిప్రాయం ఉండేది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2000లో, నాలుగేళ్లు నిండేదాకా పిల్లలు ఈత పాఠాలకు సిద్ధంగా ఉండరు అని చెప్పింది. 2009లో ఒక పరిశోధన వచ్చింది. నీళ్లలో మునిగి చనిపోయిన పిల్లలనూ, అదే వయసు మిగతా పిల్లలనూ పోల్చి చూస్తే, ఒకటి నుంచి నాలుగేళ్ల వయసు పిల్లల్లో ఈత పాఠాలు నేర్చినవాళ్లకు ముప్పు 88 శాతం తక్కువగా కనిపించింది. ఆ మరుసటి ఏడాది సంఘం తన మాట సడలించింది. 2019కి వచ్చేసరికి ఏడాది నిండిన బిడ్డలకు ఈత పాఠాలు మేలు చేస్తాయని చెప్పింది. ఏడాది లోపు బిడ్డల విషయంలో మాత్రం ఆ మేలుకు ఆధారం లేదంది. ఇంకో మాట కూడా అంది, దాన్నే మనం గట్టిగా పట్టుకోవాలి. ఈత వచ్చినంత మాత్రాన ఏ బిడ్డా మునగకుండా పోదు. అయిదేళ్ల లోపు బిడ్డ నీళ్లలో ఉంటే పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. అక్క చెయ్యి అందేంత దూరంలో ఉంది కాబట్టే తల్లి కుర్చీలో కూర్చోగలిగింది. చేతులకు తొడిగే గాలి బుడ్డలు ఆ చేతికి సాటి రావు. అవి ఎప్పుడు జారిపోతాయో తెలియదు. పైగా బిడ్డను నీళ్లలో నిటారుగా నిలబెడతాయి. అది తేలే భంగిమ కాదు. పైపెచ్చు నాకు ఈత వచ్చు అన్న భ్రమ బిడ్డకు కలుగుతుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కంబదూరులోనో బ్రహ్మసముద్రంలోనో ఉన్న తల్లికి గోరువెచ్చని కొలను ఎక్కడిది? నలుగురికి ఒక అక్క ఎక్కడిది? అది లేనప్పుడు చంటిబిడ్డకు ఏది రక్షణ? దీనికి మనలాంటి బీద పల్లెల నుంచే జవాబు దొరికింది. బంగ్లాదేశ్‌లో ఊరూరా చెరువులూ గుంటలే. అక్కడ తల్లులు ఇంటి పనిలో మునిగి ఉండే వేళ, అంటే ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, అయిదేళ్ల లోపు బిడ్డలందరినీ ఒక ఇంట్లో చేర్చి ఊరి ఆడమనిషి ఒకామె చూసుకునేటట్టు ఏర్పాటు చేశారు. దానికి ఆంచల్ అని పేరు, చీర కొంగు అని అర్థం. నాలుగేళ్లు దాటిన పిల్లలకేమో ఊరి చెరువులోనే వెదురుతో వేదిక కట్టి, చుట్టూ తడికెలు పెట్టి ఈత నేర్పారు. 25 మీటర్లు ఈదాలి, 30 సెకన్లు తేలాలి, అప్పుడు ఈత వచ్చినట్టు. 2012లో అచ్చయిన లెక్కల ప్రకారం, ఆంచల్‌లో ఉన్న చంటిబిడ్డల్లో మునకచావులు 80 శాతానికి పైగా తగ్గాయి. ఈత నేర్చిన పిల్లల్లో 90 శాతానికి పైగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే దారి చెబుతోంది. చిన్నవాళ్లకు నీళ్లకు దూరంగా చూసుకునే చోటు, ఆరేళ్లు దాటినవాళ్లకు ఈత. ఆ సంస్థ లెక్కన 2021లో ప్రపంచంలో మూడు లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో దాదాపు పావు వంతు అయిదేళ్లు నిండని బిడ్డలు.

ఆంచల్ లాంటి చోటు మనకు ఉన్నదే. అంగన్‌వాడీ. దాన్ని అన్నం, గుడ్డు ఇచ్చే చోటుగానే చూస్తున్నాం. శెనక్కాయ కలుపులప్పుడూ, పీకుడప్పుడూ తల్లి చేనికి పోతే బిడ్డను గట్టు మీద వేపచెట్టు కింద వదిలేస్తుంది. పక్కనే కుంట. ఆ నెలల్లో అంగన్‌వాడీకి పంపిన బిడ్డ కడుపు నిండా తినడమే కాదు, కుంటకు దూరంగా కూడా ఉంటాడు. పని రోజుల్లో మరో రెండు గంటలు ఎక్కువ సేపు బిడ్డలను చూసుకునే ఏర్పాటు ఊరివాళ్లు కలిసి చేసుకుంటే అంతకంటే కావలసింది లేదు.

ఇక బడి పిల్లల సంగతి. మన బళ్లలో ఒక్క తొట్టి కట్టలేమా అని నేను లెక్క వేసి చూశాను. ఇరవై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, మూడడుగుల నీళ్లు. దానికి పట్టేది ఇరవై వేల లీటర్ల చిల్లర, అంటే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. నీళ్లను వడకట్టి, క్లోరిన్ కలిపి చూసుకుంటే అవే నీళ్లు వారాల తరబడి పనికొస్తాయి. అయిపోయాక కొన్ని రోజులు ఎండలో వదిలేస్తే క్లోరిన్ పోతుంది, బడి ఆవరణలో చెట్లకు పారించవచ్చు. కరువు జిల్లాలో ఈతకు నీళ్లు వాడతారా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఒక బిడ్డ ప్రాణానికి నాలుగు ట్యాంకర్ల నీళ్లు ఎక్కువ కాదు. ఆడపిల్లలకు కూడా నేర్పాలి. తల్లులు వస్తే వాళ్లకూ నేర్పాలి. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల గారు నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021లో శ్రీలంకకూ మన దేశానికీ మధ్యనున్న పాక్ జలసంధిని ఈదారు. ఈతకు వయసు దాటిపోవడం అనేది లేదు.

ఇంట్లో నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మూడేళ్ల లోపు బిడ్డకు ఒళ్లంతటిలోకీ తల బరువెక్కువ. బకెట్లోకి వంగితే తలకిందులుగా పడుతుంది, కాళ్లు పైనే ఉండిపోతాయి, తనంతట తాను లేవలేదు. నాలుగు వేళ్ల లోతు నీళ్లు చాలు ఊపిరాడకుండా పోవడానికి. అరుపు వినపడుతుందిలే అనుకోకండి. మునిగే బిడ్డ నోరు నీళ్ల కిందే ఉంటుంది, అరవలేదు. స్నానం అయ్యాక బకెట్ బోర్లించాలి. తొట్టికి రేకు మూత పెట్టాలి. సంపు మూతకు గొళ్లెం ఉండాలి, తాళం ఉంటే ఇంకా మేలు.

చేలో కుంట ఉన్న రైతులకు నా చివరి మనవి. ప్లాస్టిక్ పట్ట మీద పాచి పడితే ఈత వచ్చిన మగవాడు కూడా పైకి ఎక్కలేడు, చెయ్యి పెట్టిన చోటల్లా జారుతుంది. ఒక బిడ్డ జారితే, కాపాడబోయి రెండో బిడ్డ, వాళ్ల కోసం తల్లి, ఇలా ఒకే కుంటలో ఒకే ఇంటివాళ్లు పోవడం మన జిల్లాలో కొత్త కాదు. ఈత రానివాళ్లు దిగొద్దు. చీరో, తాడో, పొడుగు కర్రో అందించాలి. బయటికి తీశాక బిడ్డను కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పొద్దు, పొట్ట నొక్కొద్దు. దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, తర్వాత రొమ్ము మధ్యలో నొక్కాలి, మళ్లీ ఊదాలి. ఇంకొకరు ఆలోపు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. ఈ పద్ధతి చేసి చూపించమని మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను అడగండి. వినడం వేరు, చేత్తో చేయడం వేరు.

వానలు పడి కుంటలు నిండేలోగా ఇంకో పని చేయండి. లావు నైలాన్ తాడు తీసుకుని అడుగుకొక ముడి వేయండి. ఒక కొస గట్టు మీద పాతిన రాతికి కట్టి, రెండో కొస కుంట అడుగు దాకా వదలండి. నాలుగు పక్కలా నాలుగు తాళ్లు. ఎటు పడ్డా ఏదో ఒకటి చేతికందాలి. చుట్టూ కంప వేసి కంచె కట్టండి. ఇరవై లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాను ఒకటి మూత గట్టిగా బిగించి, పొడుగు తాడు కట్టి, కంచె గుంజకు తగిలించి ఉంచండి. నీళ్లలో ఉన్నవాళ్ల వైపు విసిరితే పెద్దమనిషి తలను కూడా పైన నిలబెట్టగలదు అది. ఆ క్యానును ఇంకో పనికి తీసుకుపోవద్దని పాలేర్లకు, పిల్లలకు చెప్పండి. ఏడాదికి ఒకసారి తాడు ఎండకు చివికిందేమో లాగి చూసి మార్చండి.